కోల్పోయిన అవకాశం: పరిహార మీమాంస

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాయి. మంచిర్యాల జిల్లాకు చెందిన ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చింది. పునఃపరిశీలనలో అది 99గా తేలింది. దిద్దినవారికి 5,000 రూపాయల జరిమానా విధించారు. జరిమానా శిక్షే గాని పరిహారం కాదు. అనుత్తీర్ణుల జవాబుపత్రాలను తిరిగి పరిశీలించగా 1,137 మంది ఉత్తీర్ణులయ్యారు. ఆ ఫలితాల అనంతరం సంభవించిన ఆత్మహత్యలు వేరుగా విచారింపదగినవి. ఇక్కడి ప్రశ్న బతికి ఉండి అవకాశం పోగొట్టుకున్నవారిది.

పరీక్షల బోర్డు సేవలందించే సంస్థ కాదనీ, విద్యార్థి వినియోగదారుడు కాడనీ 2009లో బీహార్ పాఠశాల పరీక్షల బోర్డు కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. వినియోగదారుల ఫోరం తలుపు అట్లా మూసుకున్నది. ఇక జరగని భవిష్యత్తుకు వెల కట్టడం అసాధ్యమన్న వాదం ఒకటి ఉంది. ఇది నిలవదు. రోడ్డు ప్రమాదంలో గాయపడిన విద్యార్థి విషయంలో న్యాయస్థానాలే ఆ లెక్క వేస్తున్నాయి. 2010లో అరవింద్ కుమార్ మిశ్రా కేసులో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థికి ఏటా 60,000 రూపాయల ఆదాయం రాగలదని సుప్రీంకోర్టే అంచనా కట్టింది. లారీ చెరిపిన భవిష్యత్తుకు లెక్క దొరికినప్పుడు, మార్కుల పత్రం చెరిపినదానికి దొరకకపోవడానికి కారణం గణితం కాదు. ఇంగ్లండులో 1911 నాటి చాప్లిన్ కేసులో, యాభై మంది నుంచి పన్నెండుగురిని ఎంపిక చేసే పోటీలో చివరి అవకాశం తప్పిపోయిన యువతికి ఆ అవకాశం పేరిటే సొమ్ము దక్కింది. గెలుపు ఖాయమని ఆమె రుజువు చేయనక్కరలేకపోయింది.

అసలు చిక్కు కొలతలో ఉంది. సిరిసిల్ల మరమగ్గాల మీద బతికే ఎల్లంతకుంట కుటుంబపు బిడ్డకూ, హైదరాబాదు కార్పొరేట్ కళాశాలలోని సంపన్నుల బిడ్డకూ ఒకే తప్పు జరిగిందనుకుందాం. రాబోయే సంపాదనే కొలత అయితే రెండవ బిడ్డ నష్టమే పెద్దది. కాని ఆ బిడ్డ మరో ఏడు కోచింగుకు పోగలదు. మొదటి బిడ్డ ఆ ఏడు కండెలు చుట్టవలసి రావచ్చు. కాబట్టి తిరిగి ప్రయత్నించే స్తోమత ఎంత మిగిలిందన్నదే కొలతకు ఆధారం కావాలి. పేదరికాన్ని బట్టి తప్పుకు వెల పెరగడం అన్యాయమని ఆక్షేపించవచ్చు. అయితే పెళుసు ఎముక విరిచినవాడు, గట్టి ఎముకైతే విరిగేది కాదని తప్పించుకోలేడన్నది అపకృత్య న్యాయంలో పాత సూత్రమే.

తెలుగులో ‘పరిహారం’ అన్న మాటకు సొమ్ముకన్నా ముందు దోషాన్ని తొలగించడమన్న అర్థం ఉంది. న్యాయపరిభాష దాన్ని దాదాపు మరచింది. సున్నాను 99గా దిద్దితే దోషం పోయిందనుకోవడం తేలిక. ప్రవేశాల గడువు దాటాక దిద్దిన మార్కుకు ఆ మాట చెల్లదు. గడువును ఆ విద్యార్థి కొరకు మళ్ళీ తెరవడం, పోయిన ఏటి చదువు ఖర్చు భరించడం పరిహారంలో మొదటి భాగం. రూపాయల లెక్క ఆ తరువాతిది.