శాశ్వతం అంటే ఎన్నాళ్ళు?

“శాశ్వతం” అన్న మాట మనకి సాధారణంగా రెండు చోట్ల ఎదురవుతుంది. ఎవరైనా పోయినప్పుడు పలకరించడానికి వెళ్ళి, “ఈ లోకంలో ఏది శాశ్వతం గనక!” అని నిట్టూరుస్తాం. తిరిగి వస్తూంటే దారిలో బోర్డు మీద “అవాంఛిత రోమాల శాశ్వత నిర్మూలన” అని కనిపిస్తుంది. వేదాంతి లోకంలోనే లేదన్న సరుకుని వ్యాపారి వాయిదాల మీద అమ్ముతున్నాడన్నమాట!

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, నవ్వి వదిలేసే సంగతి కాదిది. పదహారేళ్ళ కుర్రాడికి నూగు మీసం వస్తే అద్దం ముందునుంచి కదలడు. అదే నూగు అక్కగారి గడ్డం కింద కనిపించిందా, ఆ పిల్ల ఫోటో తీస్తామంటే వెనక వరసలోకి జారుకుంటుంది. ఆ బాధ పడేవాళ్ళకే తెలుస్తుంది.

మొన్నామధ్య మా పక్క వాటా ఆవిడ వచ్చి కూర్చుంది. వాళ్ళమ్మాయికి లేజరు చేయించాలట. ఎనిమిదిసార్లు రావాలన్నారట, ఆ తరవాత ఈ జన్మలో వెంట్రుక మొలవదన్నారట. గాజులకని వేసిన చీటీ డబ్బంతా దానికే సరిపోతుంది. “నిజమేనంటారా వదినగారూ?” అంది.

నిజమా, అబద్ధమా అని ఒక్క ముక్కలో తేలే ప్రశ్న కాదది. కొత్తావకాయ కలిపిన రోజునే “ఏడాదంతా నిలవుంటుందా?” అని అడిగినట్టుంటుంది. ఉప్పు చూసి, నూనె చూసి “ఉంటుందిలెండి” అనొచ్చు. కాని అసలు సాక్ష్యం చెప్పవలసింది ఏడాది తిరిగాక మూత తీసిన జాడీయే. శాశ్వతమన్న మాటకి కాలం ఒక్కటే సాక్షి. అమ్మేవాడు మాత్రం కాలం కోసం ఆగడు, డబ్బు ముందే పుచ్చుకుంటాడు.

వెంట్రుక స్వభావం చూడండి. కొన్నాళ్ళు పెరుగుతుంది, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుంటుంది, రాలిపోతుంది, అదే కుదుట్లోంచి మళ్ళీ లేస్తుంది. లేజరు కాంతి వెంట్రుకలోని నల్లరంగుని పట్టుకుని వేడిగా మారి కుదురుని దెబ్బతీస్తుంది. పెరుగుతున్న వెంట్రుక మీద పనిచేసినట్టు నిద్రలో ఉన్నదాని మీద పనిచెయ్యదు. అందుకే అన్నిసార్లు రమ్మంటారు, అందులో మోసమేమీ లేదు. కాని మూడు నెలలు నున్నగా ఉందని మురిసిపోతే మాత్రం తొందరపాటే. కుదురు చచ్చిందో, నిద్రపోతోందో అప్పుడే ఎవరు చెప్పగలరు? పైగా తెల్ల వెంట్రుకని ఆ కాంతి పట్టుకోలేదు. మన చామనఛాయ చర్మంలోనూ అదే నల్లరంగుంటుంది గనక చెయ్యి తిరగనివాళ్ళు చేస్తే కాలి మచ్చలు పడొచ్చు. హార్మోన్ల తేడా ఉన్న పిల్లకైతే పాతవి పోయినా, నిన్నటిదాకా నూగుగా ఉన్నవి ముదిరి కొత్తగా బయలుదేరతాయి.

అమెరికాలో మందుల మీదా, వైద్య పరికరాల మీదా అజమాయిషీ చేసే ఎఫ్.డి.ఎ. లేజర్లకి ఒప్పుకున్న మాట “శాశ్వత నిర్మూలన” కాదు, “శాశ్వత తగ్గింపు”. అంటే, వరసంతా పూర్తయ్యాక తిరిగి మొలిచేవి చాలాకాలం పాటు తక్కువగా ఉంటాయని. అసలుండవని కాదు సుమండీ! నిర్మూలన అన్న బిరుదు ఎలక్ట్రాలిసిస్‌కి దక్కింది. కంటిలోకి తిరిగి గుచ్చుకునే రెప్పవెంట్రుకల కోసం సెయింట్ లూయిస్‌లో ఛార్లెస్ మిచెల్ అనే కంటి డాక్టరు 1875లో ఈ పద్ధతి గురించి రాశాడు. ఒక్కొక్క కుదుట్లో సూది దింపి కరెంటుతో చంపాలి, నెలల తరబడి తిరగాలి. అంత ఓపిక కావలసిన పనిని బోర్డు మీద రాస్తే ఎవరొస్తారు?

కాలం సాక్ష్యం చెప్పకముందే తీర్పిచ్చేస్తే ఏమవుతుందో మన అమ్మమ్మల నాటి ఆడవాళ్ళు అనుభవించి చూశారు. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. మరుసటేడే వియన్నాలో లియోపోల్డ్ ఫ్రాయిండ్ అనే డాక్టరు అయిదేళ్ళ పిల్ల వీపు మీద రోమాలున్న పుట్టుమచ్చకి ఆ కిరణాలు పెట్టాడు. రోమాలు రాలాయి, వెనకాలే పుండు పడింది. అయినా 1920 దశకంలో అమెరికాలో పార్లర్లు పెట్టి మరీ ఎక్స్‌రేతో రోమాలు తీశారు. నొప్పి లేదు, మంట లేదు, ఆడవాళ్ళు సంతోషంగా ఇళ్ళకి వెళ్ళారు. ఏళ్ళు గడిచాక చర్మం ముడతలు పడింది, పుళ్ళు లేచాయి, కొందరికి కాన్సరొచ్చింది. 1930 ప్రాంతాల అక్కడే ఎలుకల మందుగా వాడిన థాలియం కలిపి ఓ క్రీము అమ్మారు. రాసుకున్నవాళ్ళలో కొందరికి తలకట్టు ఊడిపోయి, నరాలు దెబ్బతిన్నాయి. సౌందర్య సాధనాలని చట్టం కిందికి తెచ్చింది 1938లో. అప్పటికి జరగవలసింది జరిగిపోయింది.

ఇవన్నీ విడమర్చి చెప్పి, పక్క వాటా ఆవిడతో, “నిర్మూలనకని డబ్బు కట్టకండి, తగ్గింపుకి అంత పెట్టొచ్చా అని లెక్క చూసుకోండి. ముందు మంచి చర్మ డాక్టరుకి చూపించి, హార్మోన్ల సంగతి తేల్చుకోండి. నాలుగేళ్ళ కిందట చేయించుకున్నావిడని ఒక్కరినైనా అడగండి,” అన్నాను. “ఎవరు చెబుతారండీ అలాంటివి?” అందావిడ.

ఆ ప్రశ్న దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. కుక్కరు పాడైతే వీధంతా చాటుతాం. చీర రంగు దిగితే కొట్టువాడి ఏడు తరాలనీ తలుచుకుంటాం. లేజరు ఫలించకపోతే మాత్రం చున్నీ ఇంకాస్త పైకి లాక్కుంటాం. ఫలించినావిడా చెప్పదు, ఒకప్పుడు గడ్డం ఉండేదని తెలిసిపోదూ? ఫలించనివాళ్ళు సిగ్గుతోనూ, ఫలించినవాళ్ళు గుట్టుతోనూ నోరు మూసుకుంటే, ఇక మాట్లాడేది బోర్డొక్కటే. జాడీలున్నాయి గాని, మూత తీసి చూపించేవారే లేరు.

ఎవరి గుట్టు వాళ్ళది, నలుగురిలో విప్పమనే హక్కు ఎవరికీ లేదు. ఒప్పుకుంటాను. కాని ఓ తల్లి చీటీ డబ్బు కొంగున కట్టుకొచ్చి “మీకెలా ఉందమ్మా?” అని చాటుగా అడిగితే, తెలిసీ మాట దాటెయ్యడం న్యాయమేనా? మన ఒక్క మాటతో ఆమె డబ్బు మిగలొచ్చు, లేదా నిశ్చింతగా ఖర్చు పెట్టుకోవచ్చు. “నాకు సగానికి తగ్గాయి, నెలకోసారి దారంతో తీయించుకుంటే చాలు,” అన్న మాట ఆ పిల్లకి బోర్డు చెప్పే శాశ్వతం కన్నా ఎక్కువ పనికొస్తుంది. సగం తగ్గినా వెనక వరసలోంచి ముందుకి రాగలదేమో!

తిరుమలలో తలనీలాలిచ్చేటప్పుడు అవి మళ్ళీ మొలుస్తాయని తెలిసే ఇస్తాం. మొలిచినంత మాత్రాన మొక్కు వృథా అయిందని ఎవరూ అనుకోరు. తిరిగి వచ్చేదాన్ని, వస్తుందని తెలిసే తీయించుకోవడంలో నామోషీ ఏముంది? ఆ తెలిసిన సంగతి తెలియనివాళ్ళకి చెప్పడానికి మాత్రం సిగ్గెందుకు?