ఊళ్లు చూపే ఉద్యోగం

కఠినమైన ఉద్యోగాన్ని జీతం కోసం కాక, అది తిప్పబోయే దేశాల కోసం ఒప్పుకోవడం మంచిదేనా? ఈ ప్రశ్న నాకు పుస్తకాలలోంచి రాలేదు. తిరుపతిలో నేను చేస్తున్న ఉద్యోగం చిన్నది. సాయంత్రం ఆరు దాటితే నా కాలం నాది. ఈ మధ్య ఒక పెద్ద కంపెనీ నన్ను రమ్మన్నది. మొదటి ఏడాది బెంగుళూరు, తర్వాత రెండేళ్లు జర్మనీ, నడుమ నెలకు పది రోజులు ఇతర దేశాలలో పని. జీతం ఇప్పటిదానికి రెట్టింపు కూడా కాదు. అయినా ఆ పత్రంలో ఊళ్ల పేర్లు చదివేసరికి నా మనస్సు లొంగిపోయిన మాట దాచుకోను. పనిగంటల సంగతి అడిగితే, "ఈ స్థాయిలో గంటలు లెక్కపెట్టుకోరండీ" అన్నారు.

మిత్రులు రెండు రకాల సలహాలు ఇచ్చారు. లోకం చూడనివాడు నూతిలో కప్ప, కాబట్టి వెళ్లమన్నారు కొందరు. కన్నతల్లిని, కన్న ఊరిని విడిచిపోవడం ద్రోహమన్నారు మరికొందరు. ఈ రెండూ నాకు తృప్తి కలిగించలేదు.

ఉన్నచోటనే ఉండిపోవడంలో ప్రత్యేకమైన సద్గుణమేదీ లేదు. చెరువు ఎండిన ఏడు చిత్తూరు పల్లెలు బెంగుళూరుకో, మద్రాసుకో వలసపోయాయి. అది ద్రోహం కాదు, బతుకు. పేటమిట్టలో పుట్టిన గల్లా రామచంద్రనాయుడు అమెరికాలో చదివి, ఉద్యోగం చేసి, తిరిగివచ్చి 1985లో అమరరాజా సంస్థను స్థాపించారు. వెళ్లకపోతే ఆయన వెంట తెచ్చుకునే అనుభవమే ఉండేది కాదు. కనుక వెళ్లడమా, మానడమా అన్నది అసలు ప్రశ్న కాదు. ఏ షరతుల మీద వెళుతున్నామన్నది అసలు ప్రశ్న.

చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణంగా ఉన్న కాలంలో, ఆ జిల్లా పల్లెల నుంచి కూలీలు ఒప్పందానికి కట్టుబడి నాటాలుకు ఓడలెక్కారు. 1860కీ 1911కీ మధ్య భారతదేశం నుంచి అట్లా వెళ్లినవారు లక్షన్నరకు పైమాటే. సముద్రాన్ని దాటిన ఆ మనిషికి, యజమాని చెరకుతోట దాటి కాస్త దూరం పోవాలంటే అనుమతి చీటీ కావలసి వచ్చింది. వారి నిర్బంధంతో నా పరిస్థితిని పోల్చడం అన్యాయం. రాజీనామా ఇచ్చే హక్కు నాకున్నది, వారికి లేకపోయింది. అయినా వారి కథ ఒక సంగతి నేర్పుతుంది: దూరం పోవడం వేరు, స్వేచ్ఛగా తిరగడం వేరు.

తిరుపతివాడికి ఇది ఇంకొకరు చెప్పనక్కరలేదు. మా ఊరికి ఏటా కోట్లమంది వస్తారు. రైలు దిగి, కొండెక్కి, వైకుంఠం కాంప్లెక్సులో గంటల తరబడి కాచుకుని, "జరగండి, జరగండి" అనే కేకల నడుమ క్షణం నిలిచి, లడ్డూలతో దిగిపోతారు. వారిని తప్పుపట్టను. వారు వచ్చిన పని అది, అది నెరవేరింది. కాని తిరుపతిని చూశామని వారంటే మాకు నవ్వు వస్తుంది. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు చిత్తూరు రైతు ముఖం ఎట్లా ఉన్నదో వారికేం తెలుసు? రేపు ఫ్రాంక్‌ఫర్టులో నాకు దొరికేదీ ఇట్లాంటి దర్శనమే: విమానాశ్రయం, హోటలు, సమావేశపు గది. పైగా భక్తుడు తన కోరిక మీద వచ్చాడు. నన్ను పంపేది కంపెనీ అవసరం. ఎద్దును కాడికి కట్టి తిప్పినవాడు, దానికి పొలమంతా చూపించానని చెప్పుకుంటాడా?

చూడడానికి కావలసింది టిక్కెట్టు ఒక్కటే కాదు, తీరిక కూడా. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి ఒడంబడికలో పరిశ్రమలకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు హద్దు పెట్టింది. నూరేళ్లు దాటాక, 2023లో, ఇన్ఫోసిస్ నారాయణమూర్తి మన యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. వారానికి ఉన్నవి 168 గంటలు. పనికి 70, నిద్రకు 56 పోతే మిగిలేవి 42. అందులో తిండి, స్నానం, రాకపోకలు పోగా కొత్త ఊరికి మిగిలేదెంత? పాత ఊరిలో ఉన్న తల్లికి మిగిలేదెంత?

మా అమ్మ పాకాల దగ్గర పల్లెలో ఉంటుంది. సంగతి చెబితే ఆమె వద్దనలేదు. "పోయిరా నాయనా. అయితే ఆడ చూసిందంతా నాకు చెప్పేదానికన్నా నీకు తీరుబాటు ఉంటాదా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను. మిత్రుల వాదాలన్నీ కదిలించలేని నన్ను ఆ ఒక్క ప్రశ్న కదిలించింది. చూసినదాన్ని అయినవారికి చెప్పుకునే తీరిక లేకపోతే అది రవాణా అవుతుంది గాని ప్రయాణం కాదు.

కంపెనీకి రెండు షరతులు రాశాను. జీతం పెంచమనలేదు. విదేశంలో ఉన్న ప్రతి ఏడాదీ అక్కడే గడపడానికి రెండు వారాల సెలవు, ఆదివారాలు ఫోను ఎత్తనక్కరలేని హక్కు అడిగాను. పని వేళ ముగిశాక ఫోనుకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్సు చట్టం 2017 నుంచీ గుర్తిస్తున్నది. కనుక నేను అడిగింది గొంతెమ్మ కోరికేమీ కాదు. అటువంటి నిబంధన తమకు లేదని జవాబు వచ్చింది. ఉద్యోగం వద్దన్నాను.

ఇది త్యాగమని చెప్పుకోను. ఆ ఊళ్ల పేర్లు ఇప్పటికీ నన్ను లాగుతూనే ఉన్నాయి. అప్పుల వల్లనో, చెల్లెలి చదువు కోసమో ఇదే ఉద్యోగాన్ని ఒప్పుకునేవాడిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆరు గంటలకు ఇల్లు చేరే వసతి ఉన్నవాడిని కనుక కాదనగలిగాను. అతడికీ లోకం చూడాలని ఉంటుంది. నేను ఒక్కణ్ణి అడిగితే నిబంధన లేదన్నారు. పదిమంది కలిసి అడిగితే నిబంధన పుడుతుంది. ఎనిమిది గంటల పనిదినమైనా అట్లా పుట్టిందే.