జాతీయ జట్టు, జాతి ప్రశ్న

గెలిచిన జట్టును అభినందించు వేళ దానిలోని ముఖముల రంగు లెక్కపెట్టుట ఉచితమేనా? 2022 జూలై 11వ తేదీన బ్రైటన్ నగరములో, ఐరోపా మహిళా ఫుట్‌బాల్ పోటీలలో, ఇంగ్లండు జట్టు నార్వేను 8-0 తేడాతో ఓడించినది. ఆట ముగిసిన పిమ్మట బి.బి.సి. టెలివిజన్ వ్యాఖ్యాత్రి ఐలీ బార్బర్ ఒక మాట అన్నది: మొదట దిగిన పదకొండుగురును, నడుమ వచ్చిన అయిదుగురును తెల్లవారేనని. ఆమె ఎవరినీ నిందింపలేదు. అయినను విన్నవారిలో కొందరు కోపగించుకొన్నారు. పండుగ పూట ఇట్టి లెక్క యేల అని వారి బాధ.

ఆ బాధను తేలికగా త్రోసిపుచ్చరాదు. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘము 1921లో స్త్రీలకు తన క్లబ్బుల మైదానములలో చోటు లేదని నిషేధించినది. ఆ నిషేధము దాదాపు అర్ధశతాబ్దము నిలిచినది. అంతటి అవమానమును దాటి వచ్చిన ఆటకు, నిండిన మైదానము చప్పట్లు కొట్టుచుండగా, మరియొక లోటు ఎత్తిచూపుట కఠినముగానే తోచును. పైగా ఆ పదకొండుగురిలో ఎవరును ఎవరి చోటును అపహరింపలేదు. ఆటలో నేర్పు చూడవలెను గాని చర్మము చూడరాదనునది న్యాయమైన మాటయే.

కాని ఆ వ్యాఖ్య పదకొండుగురిని గూర్చినది కాదు. వారు నడచివచ్చిన దారిని గూర్చినది. 2007 ప్రపంచ పోటీలకు చీనాకు వెళ్లిన ఇంగ్లండు జట్టులో మేరీ ఫిలిప్, అనీటా అసాంటే, అలెక్స్ స్కాట్, రేచెల్ యాంకీ, ఎనియోలా అలుకో ఉన్నారు. వారి శిక్షకురాలు హోప్ పవెల్ సైతము నల్లజాతి స్త్రీయే. పదునైదేండ్ల తరువాత 23 మంది బృందములో అట్టివారు ముగ్గురు. ఆరు ఆటలలోను మొదట దిగిన జట్టు ఒక్కటే, అందరును తెల్లవారే. ఈ నడుమ ప్రతిభ వలస పోయినదా? లేదు. శిక్షణ కేంద్రములు నగరముల నడిబొడ్డుకు దూరమైనవి. ఇంట కారు లేని పిల్ల, సాయంకాలము పనికి పోవు తల్లిదండ్రుల పిల్ల, అచ్చటికి చేరలేకపోయినది. ఈ సంగతి చెప్పక పత్రికలు ఊరకుండిన యెడల, ఆ పిల్ల రాకపోవుటకు ఆమెయే కారణమని లోకము అనుకొనును.

తెలుగులో ఈ చర్చకు ఒక విచిత్రమైన చిక్కు కలదు. జాతీయ జట్టు అన్నను, జాతి వివక్ష అన్నను మనకు ఒకటే మాట. హిందీలో మొదటిది రాష్ట్రీయము, రెండవది నస్ల్. కలిసిపోవు భయము లేదు. తెలుగు పాఠకుడు మాత్రము ఒకే పదముతో జట్టును కౌగిలించుకొని, అదే పదముతో మనిషిని వేరుచేయవలసివచ్చును.

మౌనము తప్పయినట్లే, పేరు పెట్టి పిలుచుటయు ఒక్కొక్కప్పుడు తప్పగును. గుజరాతులో జునాగఢ్ ప్రాంతపు జాంబూరులోను, నర్మద దాపున భరూచ్ జిల్లా రతన్‌పూరులోను సిద్దీలు ఉన్నారు; వారి పూర్వులు ఆఫ్రికా నుండి వచ్చినవారు. 1980ల చివరిభాగమున భారత క్రీడా ప్రాధికార సంస్థ సిద్దీ పిల్లలను ఏరి వ్యాయామ శిక్షణ ఇప్పించినది. ఆఫ్రికా నెత్తురులోనే పరుగు ఉన్నదను నమ్మిక దాని వెనుక ఉన్నది. శిక్షణ మంచిదే, నమ్మిక మంచిది కాదు. కొన్నేండ్లకు ఆ పథకము ఆగిపోయినది. నెత్తురును చూచి పిలిచినవారు, పిలుపు మానినప్పుడు ఆ పిల్లల చదువును, బ్రతుకును చూచినారా?

మన మహిళా ఫుట్‌బాలు కథయు దీనికి దూరము కాదు. చాలకాలము ఆ జట్టును మోసినది మణిపురము. ఓయినమ్ బెంబెం దేవికి 2020లో పద్మశ్రీ వచ్చినది. అదే యేడు బాలా దేవి గ్లాస్గో రేంజర్స్‌కు ఆడబోయినది. అట్టి ముఖములు గల విద్యార్థినులనే మన నగరములలో ఏ దేశమని అడుగుట మానలేదు. తెలుగునాట నిజామాబాదు జిల్లా లంబాడీ బిడ్డ గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియాకు పోయి దినామో జాగ్రెబ్ జట్టులో చేరినది; 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంచినది. ఆమెను గూర్చిన వ్రాతలలో తండా, పేదరికము ముందు వచ్చును. అంచు వెంట ఆమె బంతిని తీసుకుపోవు తీరు వెనుక వచ్చును, ఒక్కొక్కప్పుడు రానే రాదు. తండా పేరు వ్రాయుట దోషము కాదు. తండాకు మైదానము ఎంత దూరమో వ్రాయకుండుట దోషము.

2025 జూలైలో స్విట్జర్లాండున ఇంగ్లండు మరల ఆడినది. పందొమ్మిదేండ్ల మిషెల్ అజెమాంగ్ స్వీడన్ పైని, ఇటలీ పైని ఆఖరి నిమిషములలో గోల్ కొట్టి జట్టును నిలిపినది. దేశము ఆమెను నెత్తిన పెట్టుకొన్నది. ఆ పోటీల మొదటినుండియు తనపై జాతి దూషణ కురియుచున్నదని జెస్ కార్టర్ వెల్లడించినది ఆ రెండు ఆటల నడుమనే. ఇద్దరును నల్లజాతివారే, చొక్కా ఒక్కటే.

సూరత్‌లోని నవాగామ్‌ను తలచుకొన్న యెడల ఈ ప్రశ్న మరింత దగ్గరకు వచ్చును. ఆ నగరపు మరమగ్గముల వద్దకు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ నుండి పద్మశాలి కుటుంబములు తరలిపోయి తరములైనది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమపు బడులు కూడ నడుపుచు వచ్చినది. అట్టి ఇంటి ఆడపిల్ల ఒకతె రేపు గుజరాత్ జట్టు చొక్కా తొడిగినదనుకొందము. గెలిచిన నాడు సూరత్ పత్రిక ఆమెను సూరత్ బిడ్డ అనును. గోల్ తప్పిన నాడు పరప్రాంతపు పిల్ల అనునా? హైదరాబాదు పత్రికకు ఆమె ఏ ఫలితము వచ్చిన నాడు గుర్తుకు వచ్చును? మగ్గము రెండవ షిఫ్టుకు పోవు తండ్రి ఆమెను ఏ బస్సులో మైదానమునకు పంపెనో, బూట్లు ఎవరు కొనియిచ్చిరో, సాయంకాలము ఆమె చేయవలసిన యింటి పని ఎవరు చేసిరో అడుగుటకు విలేఖరి ఎవరైన ఆ వీథికి పోవునా?