పుట్టనివారి లెక్క

పోయినవారిని స్మరించడమంటే వారి పేరును, రూపాన్ని, మాటతీరును మనసులోకి మళ్లీ తెచ్చుకోవడమని సాధారణంగా భావిస్తారు. కాని ఉగ్రవాద దాడిలో నిండు గర్భిణి మరణించినప్పుడు ఆమెతోపాటే పోయిన శిశువు విషయంలో అలా తెచ్చుకోవడానికి రూపమూ ఉండదు, చాలాసార్లు పేరూ ఉండదు. అదే దాడిలో తండ్రి చనిపోయి, కొన్ని నెలలకు బిడ్డ పుట్టిన ఇంట్లో ఈ చిక్కు తిరగబడుతుంది: అక్కడ తలచుకోవలసిన మనిషికి పేరూ రూపమూ ఉన్నా, తలచుకోవలసిన బిడ్డకు ఆ మనిషితో గడిపిన పూట ఒక్కటైనా లేదు. 2001 సెప్టెంబరు 11 నాటి దాడుల్లో తండ్రులను పోగొట్టుకుని ఆ తరువాత పుట్టిన పిల్లలు వందకు పైగా ఉన్నారు. జ్ఞాపకమే లేని చోట స్మరణ ఎలా కుదురుతుందన్న ప్రశ్న ఈ రెండు రకాల కుటుంబాలకూ ఉమ్మడిది.

న్యూయార్క్‌లో జంట సౌధాలు కూలిన చోటనే కట్టి 2011లో ప్రారంభించిన స్మారకంలో, రెండు జలాశయాల చుట్టూ అమర్చిన కంచు పలకల మీద 2,983 పేర్లున్నాయి; 1993 ఫిబ్రవరి 26న అదే ప్రాంగణంలో జరిగిన బాంబు దాడి మృతులు ఆరుగురు కూడా ఇందులో చేరారు. అక్షరాలను పైపైన చెక్కకుండా పలకలోంచి కోసి తీయడం వల్ల పగలు వాటి అంచులు వేలికి తగులుతాయి, రాత్రి వాటి గుండా కింది దీపాల వెలుగు పైకి వస్తుంది. వాటిలో పదకొండు మంది స్త్రీల పేర్లకు, 1993 నాటి మృతురాలితో కలిపి, 'ఆమె పుట్టని బిడ్డయును' అనే అర్థం వచ్చే మాటలు చేర్చారు. ఆ బిడ్డలు పలక మీద ఉన్నారు గాని 2,983 అన్న మొత్తంలో లేరు. మృతుల పుట్టినరోజున వారి పేరు సందులో ఒక తెల్ల గులాబీ నిలబెట్టే ఆచారం అక్కడ ఉంది. పుట్టినరోజే లేనివారికి ఆ పువ్వు ఏ తేదీన పెట్టాలో చెప్పగల పంచాంగం ఏదీ లేదు.

పుట్టనివారిని లెక్కలో ఎలా చేర్చాలన్న ప్రశ్నకు మరి రెండు ఊళ్లు వేర్వేరు జవాబులు చెప్పుకున్నాయి. 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా నగరంలోని ప్రభుత్వ భవనం మీద జరిగిన దాడిలో 168 మంది మరణించగా, స్మారకంలో మనిషికొక్కటి చొప్పున 168 ఖాళీ కుర్చీలు వేశారు. చనిపోయిన పసిపిల్లలకు వేసినవి చిన్న కుర్చీలు. మరణించిన ముగ్గురు గర్భిణుల శిశువులకు మాత్రం విడిగా కుర్చీ లేదు, తల్లి కుర్చీ మీద తల్లి పేరు కిందనే వారి పేర్లు కూడా ఉన్నాయి. ఉత్తర ఐర్లాండులోని ఓమా పట్టణంలో 1998 ఆగస్టు 15న పేలిన బాంబుకు 29 మంది బలి కాగా, వారిలో ఒకామె కడుపులో కవలలున్నారు. అక్కడి స్మారకవనంలో సూర్యకాంతిని పట్టి పంపే చిన్న అద్దాలు 31. అంటే ఓక్లహోమా బిడ్డను తల్లి ఒడిలోనే ఉంచింది, ఓమా విడిగా లెక్కపెట్టింది, న్యూయార్క్ లెక్కకు వెలుపల ఉంచి మాటలో చేర్చింది. పిండానికి చట్టరీత్యా ఏ హోదా ఉండాలన్న అమెరికా రాజకీయ వివాదం ఈ మాటల మీద కూడా తన నీడ వేస్తుంది గాని, ఆ తగవు తీర్పు కోసం దుఃఖం కాచుకుని కూర్చోదు.

ధర్మశాస్త్రాలు ఈ విషయంలో మొదటి చూపుకు కఠినంగా కనిపిస్తాయి. నాలుగో నెల లోపు గర్భం పోతే స్రావమని, అయిదారు నెలల్లో పోతే పాతమని పేరుపెట్టి, ఎన్ని నెలల గర్భమో అన్ని రాత్రులు తల్లికి ఆశౌచం, అంటే వాడుకలో మైల, విధించాయి. రెండేళ్లు నిండని బిడ్డకు దహనమూ తర్పణమూ అక్కరలేదని మనుస్మృతి చెబుతుంది. అయినా నెలకొక రాత్రి అన్న ఆ కొలతలో ఒక మెలకువ ఉంది: పేరు పెట్టని ప్రాణానికి కూడా అది ఉన్న కాలాన్ని బట్టి దుఃఖపు గడువు కట్టడం, దాన్ని శూన్యంగా చూడకపోవడమే. తెలుగు ఇళ్లలో పురుటి మైలను, చావు మైలను వేర్వేరుగా పాటిస్తారు. గర్భిణిని చావింటికి పోనివ్వరు, భార్య కడుపుతో ఉన్నవాడు శవం మోయకూడదంటారు. చావుకూ పుట్టుకకూ మధ్య ఎడం ఉండి తీరాలన్న ఈ కట్టుబాట్లన్నీ, ఆ ఎడాన్ని మనుషులు పాటించగలరన్న నమ్మకం మీద నిలిచినవి. బాంబు మొదట తుడిచిపెట్టేది ఆ ఎడాన్నే.

మహాభారతానికి ఈ సంగతి బాగా తెలుసు. నిద్రపోతున్న శిబిరం మీద రాత్రివేళ విరుచుకుపడిన అశ్వత్థామ, ఆ తరువాత తన అస్త్రాన్ని ఉత్తర గర్భం మీదికి మళ్లించాడు. ఆ గర్భంలో ఉన్నది యుద్ధంలో అప్పటికే కూలిన అభిమన్యుడి కొడుకు. కృష్ణుడు బతికించిన ఆ బిడ్డకు పరీక్షిత్తు అన్న పేరు ఎందుకు వచ్చిందో గ్రంథాలు రెండు విధాల చెబుతాయి. వంశం పరిక్షీణమైనప్పుడు, అంటే అడుగంటినప్పుడు, పుట్టాడు కనుక అంటుంది భారతం. గర్భంలో తనను కాపాడిన పురుషుడు వీరిలో ఎవరోనని కనబడ్డ ప్రతివారినీ పరీక్షించి చూశాడు కనుక అంటుంది భాగవతం. మొదటి నిర్వచనం బిడ్డను పోయినవారి మిగులుగా చూస్తుంది, రెండోది వెతికేవాడిగా చూస్తుంది. తండ్రిని చూడని బిడ్డను 'అచ్చం వాళ్ల నాన్నే' అని బంధువులు మురిసిపోతున్నప్పుడు పనిచేసేది మొదటి నిర్వచనం. ఆ బిడ్డ పాత ఫొటోను అద్దం పక్కన పెట్టుకుని తన ముక్కును, కనుబొమలను పోల్చి చూసుకుంటున్నప్పుడు పనిచేసేది రెండోది. స్మరణ భారాన్ని పసివాడి భుజానికెత్తే మొదటిదాని కంటే, వాడికి ప్రశ్నించే చోటిచ్చే రెండోదే ధర్మానికి దగ్గర.

విన్న జ్ఞాపకం ఎటు దారితీయగలదో కూడా ఆ ఇతిహాసమే చూపిస్తుంది. పరీక్షిత్తు పోయేనాటికి పసివాడైన జనమేజయుడు తండ్రి ఎలా చనిపోయాడో పెద్దయ్యాక మంత్రుల నోట విని, తక్షకుడనే ఒక్క సర్పం చేసిన దానికి సర్పజాతి మొత్తాన్ని అగ్నికి ఆహుతి చేసే యాగం తలపెట్టాడు. దాన్ని ఆపినవాడు ఆస్తీకుడు. ఇతడి కథను నన్నయ కూడా ఆదిపర్వంలో తెలుగు చేశాడు. ఆస్తీకుడు ఇంకా కడుపులో ఉండగానే తండ్రి జరత్కారువు భార్యను విడిచి వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఆమె, పుట్టింటివారు ఆశపెట్టుకున్న సంతానం సంగతేమిటని అడిగితే, ఆయన 'అస్తి' అన్నాడు. సంస్కృతంలో ఆ మాటకు అర్థం 'ఉన్నాడు' అని మాత్రమే. ఎవరూ చూడని బిడ్డను గురించి పలికిన ఆ ఒక్క క్రియాపదమే, వాడు పుట్టాక వాడి పేరైంది.