ఇవ్వనిది తీసుకోకు: ఫోన్‌లోనైనా సరే





ప్రతి ఆదివారం విహారంలో పంచశీల చెప్పుకుంటున్నాం. అందులో రెండో శీలం: ఇవ్వనిది తీసుకోను. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనతో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో దొంగతనం చేయను అనేది కూడా ఉంది. దొంగతనం అంటే మనకు పైసలు, కోళ్లు, మోటరు వైర్లు యాదికొస్తయి. చేతిలో ఉన్న ఫోన్ యాదికి రాదు.

మా బస్తీలో ఇంటర్ చదివే ఒక బిడ్డ స్టేటస్ ఫోటోను క్లాసు పిల్లగాడు తీసుకున్నడు. ఆమె ముఖాన్ని వేరే ఒంటికి అతికించి గ్రూపులో పెట్టిండు. మూడు రోజుల్లో ఊరంతా తిరిగింది. ఇంట్లోవాళ్లు ఫోన్ గుంజుకున్నరు, కాలేజీ బంద్ చేసిన్రు, సంబంధాలు చూసుడు మొదలుపెట్టిన్రు. ఫోటో మార్చినోడు మాత్రం రోజూ కాలేజీకి పోతనే ఉన్నడు. "పరువు పోయిందక్కా" అన్నడు ఆ బిడ్డ నాయన. "పోవాల్సింది ఎవరి పరువు తమ్మీ?" అని అడిగిన.

నా తప్పు కూడా చెప్పాలె. ఆ ఫోటో నా ఫోన్‌కూ వచ్చింది. ఛీ అనుకొని తీసేసిన. ఎందుకు పంపినవని పంపినోన్ని అడగలే. అడిగి ఉంటే ఒక్క చోటనన్నా ఆగేది.

నమ్మి ఒక్కరికి పంపిన ఫోటో ఆ ఒక్కరికే ఇచ్చింది. దాన్ని ఇంకొకరికి పంపితే, ఇవ్వనిది తీసుకున్నట్టే. స్నేహితుని పాస్‌వర్డ్ చూసుడు, భార్య ఫోన్ చాటుగా తెరుసుడు కూడా అంతే.

2020 డిసెంబర్‌లో మన తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నరు. ఆ యాప్‌లు ఫోన్‌లోని నంబర్లన్నీ తీసుకొని చుట్టాలకు, దోస్తులకు ఫోన్లు చేసి అప్పు తీసుకున్నోళ్ల ఇజ్జత్ తీసినయి. 2022లో రిజర్వ్ బ్యాంకు, అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లోని నంబర్లు, ఫోటోలు ముట్టుకోవద్దని నిబంధన పెట్టింది. యాప్ అడగంగనే మనం 'సరే' నొక్కితే పక్కింటి అవ్వ నంబరు కూడా పోతది. ఆ నంబరు ఇచ్చే హక్కు మనకెక్కడిది?

పెద్దపల్లి జిల్లా ధూళికట్ట స్తూపం దగ్గర ముచలింద నాగుని శిల్పం దొరికింది. ఏడు రోజుల వానలో ధ్యానంలో ఉన్న బుద్ధునికి పడగ పట్టినట్టు కథ. అద్భుతమని నమ్మాల్సిన పని లేదు, అర్థం తీసుకుందాం. ఆపదలో ఉన్నోళ్లకు నీడ పట్టాలె. ఫోన్ గుంజుకొని చదువు మాన్పిస్తే అది నీడ కాదు, రెండో దెబ్బ.

చట్టం కూడా మన దిక్కు ఉంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. బాబాసాహెబ్ అధ్యక్షతన ముసాయిదా రాసిన రాజ్యాంగంలోని 21వ అధికరణమే దానికి ఆధారం. 18 ఏళ్లలోపు పిల్లల అశ్లీల చిత్రాలు పంపితే ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు. "నేను చేయలే, ఫార్వర్డ్ చేసిన అంతే" అంటే నడవదు.

ఆపద వస్తే ఇట్ల చేయండి. పంపినోని నంబరు, గ్రూపు పేరు, తేదీ కనబడేటట్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆ ఫోటోను ఇంకెవరికీ పంపొద్దు. బెదిరించినోనికి పైసలు ఇవ్వొద్దు, ఇచ్చినకొద్దీ అడుగుతడు. సైబర్ నేరాలకు 1930, పిల్లల కోసం 1098 నంబర్లున్నయి. షీ టీమ్స్ దగ్గరికి పోవచ్చు. ఒక్కరే పోకుండా, విహారం నుంచి ఇద్దరు పెద్దమనుషులను తోడు తీసుకపోండి.

ఆ బిడ్డ కోసం మేమూ అట్లనే ఠాణాకు పోయినం. ఈ ఎండాకాలం ఆమె పరీక్షలు రాసింది. మధ్యలో పోయిన నాలుగు నెలల చదువు మాత్రం ఎవరూ తిరిగి ఇయ్యలే.

వచ్చే ఆదివారం రెండో శీలం చెప్పేటప్పుడు జేబులో ఉన్న ఫోన్‌ను యాది చేసుకోండి. ఇవ్వనిది ఏమన్నా అందులో ఉంటే తీసేయండి. ఎవరిదో వాళ్లకు చెప్పి, క్షమించుమని అడగండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.