హెచ్చరించినవాని ఋణం

పంచతంత్రంలోని మూడు చేపల కథ మనమందరం బాల్యంలో విన్నదే. జాలరుల దృష్టి తమ చెరువుపై పడిందని తెలిసినంతనే అనాగతవిధాత మరొక జలాశయానికి తరలిపోయింది. ప్రత్యుత్పన్నమతి ఆపద ముంచుకొచ్చిన క్షణంలో ఉపాయంతో బయటపడింది. కానున్నది కాకమానదని కదలక ఉండిపోయిన యద్భవిష్య ప్రాణాలు కోల్పోయింది. ముందుచూపు గలవారే బ్రతుకుతారన్నది ఇందలి నీతి. అయితే ఆ మూడవ చేప కదలకపోవడానికి మూర్ఖత్వం తప్ప వేరొక కారణం ఉండవచ్చునేమోనని కథకుడు ఆలోచించలేదు, మనమూ ఆలోచించలేదు. కృష్ణా ముఖద్వార ప్రాంతంలో ఉద్యోగధర్మం నిర్వర్తించిన రోజులలో ఈ ప్రశ్న నాకు ఎదురైంది.

ఆ తీరం చరిత్రలో ఉప్పెనలు కొత్త కావు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు పట్టణంపై విరుచుకుపడినప్పుడు సుమారు 30 వేల మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో మృతులు అధికారిక లెక్క ప్రకారమే సుమారు పది వేలు. సొర్లగొంది వంటి మత్స్యకార గ్రామాలలో కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయాయి. పదమూడేళ్ళ తరువాత, 1990 మే 9న, దాదాపు అంతటి తీవ్రత గల తుపాను అదే తీరాన్ని తాకింది. ఈసారి ఆరు లక్షలకు పైగా ప్రజలను ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య వెయ్యికి లోపుగానే ఆగింది. ఒడిశాలో 1999 నాటి పెను తుపాను సుమారు పది వేల మందిని బలిగొన్నది. 2013లో వచ్చిన 'ఫైలిన్' నాటికి దాదాపు పది లక్షల మందిని తరలించగా మరణాలు పదుల సంఖ్యకు పరిమితమయ్యాయి. ఉపగ్రహ చిత్రాలు, తీరంలోని రాడార్లు, తుపాను రక్షిత భవనాలు సాధించిన ఈ విజయం సామాన్యమైనది కాదు.

కాని చరిత్ర విద్యార్థిగా నేను గమనించిన విషయం ఒకటున్నది. మన దస్తావేజులు మరణించినవారిని లెక్కిస్తాయి, తరలినవారిని లెక్కిస్తాయి. మన మాట విని తరలినవాడు అందుకు చెల్లించిన మూల్యాన్ని మాత్రం ఏ దస్తావేజూ నమోదు చేయదు.

2013 నవంబరు 22న 'హెలెన్' తుపాను మచిలీపట్నం సమీపంలో తీరం దాటింది. వారం తిరగకముందే 'లెహర్' అనే మరింత తీవ్రమైన తుపాను అదే దిక్కుగా వస్తున్నదన్న హెచ్చరిక వెలువడింది. నేను ఒక పల్లెకు వెళ్ళి అందరినీ మళ్ళీ బయలుదేరమన్నాను. వల అల్లుకుంటున్న ఒక వృద్ధుడు తలెత్తి, "మొన్ననే కదా బాబుగారూ, బళ్ళో పడుకుని వచ్చాం. ప్రాణానికి మీరు పూచీ అంటున్నారు. ఈ వలకీ, ఇంజనుకీ ఎవరు పూచీ?" అని అడిగాడు. నేను సమాధానం దాటవేసి తొందరపెట్టాను. అతడు వచ్చాడు, అతడు రాగా చూసి పల్లె అంతా వచ్చింది.

లెహర్ సముద్రంలోనే బలహీనపడి, 28న వాయుగుండంగా మాత్రమే తీరం దాటింది. తిరిగి వెళ్ళేసరికి నిర్జనమైన పల్లెలో అతని పడవ ఇంజను లేదు. ఎవరో ఎత్తుకుపోయారు. మా నష్టపరిహార పత్రంలో తుపాను వల్ల కలిగిన నష్టానికి గడి ఉన్నది. తుపాను రాకపోయినా కలిగిన నష్టానికి గడి లేదు. అతడు కోపగించుకోలేదు. "మీరు చెప్పింది తప్పనను బాబుగారూ. కానీ వచ్చేసారి మావాళ్ళని మీరే పిలుచుకోండి. నేను పిలవను" అన్నాడు.

ఆ హెచ్చరిక తప్పా? కాదు. నాటికి లభించిన సమాచారాన్ని బట్టి అలా హెచ్చరించడమే ధర్మం. నేడైనా అదే చేస్తాను. ప్రాణరక్షణ కొరకు ప్రభుత్వం పట్టుబట్టవచ్చునా అంటే, పట్టుబట్టవచ్చును. ఇంట్లో ఉండిపోయేవాని నిర్ణయం అతని ఒక్కనితో ముగియదు; పసిపిల్లలూ, రక్షించబోయేవారూ అందులో చిక్కుకుంటారు. అయితే అధికారం ఉన్నంత మాత్రాన ఋణం తీరదు. ఇల్లు విడిచి రమ్మని అడిగినవాడు ఆ క్షణం నుంచే ఋణగ్రస్తుడు. విడిచివచ్చిన వస్తువుకు భద్రత, పశువుకు మేత, పోయిన కూలికి ప్రతిఫలం, ఆశ్రయమిచ్చిన చోట స్త్రీలకు మరుగు — ఇవి దయతో ఇచ్చే సౌకర్యాలు కావు, చెల్లించవలసిన బాకీలు. తుపాను రాకపోతే ఈ బాకీ రద్దు కాదు. నిజానికి అప్పుడే మరింత పెరుగుతుంది.

విపత్తును తట్టుకునే సమాజమంటే గట్టి కట్టడాలు గల సమాజమని మాత్రమే మనం భావిస్తున్నాం. కట్టడాలు అవసరమే. కాని తలుపు తెరిచి ఉంచిన భవనంలోకి మనుషులు నడిచి రావాలంటే, పిలిచినవాని మాటపై నమ్మకం ఉండాలి. 1970 నాటి ఘోర తుపానులో లక్షలాది ప్రజలను కోల్పోయిన బంగ్లాదేశ్, ఆ తరువాత గ్రామగ్రామాన స్థానికులనే స్వచ్ఛంద కార్యకర్తలుగా తీర్చిదిద్దింది. అక్కడ జెండా ఎగురవేసేదీ, ఇంటింటికీ వెళ్ళి చెప్పేదీ పొరుగువాడే. అతడు మరునాడు కూడా అదే ఊళ్ళో ముఖం చూపవలసినవాడు. హెచ్చరికకు విలువ తెచ్చేది ఆ జవాబుదారీతనమే.

తరువాత నేను పనిచేసిన మరొక మండలంలో మనుషుల కంటే ముందుగా ట్రాక్టర్లపై ఇంజన్లను, వలలను తరలించి, ఎవరి వస్తువుకు వారికి రశీదు ఇచ్చాము. అది గొప్ప సంస్కరణేమీ కాదు. ఆనాడు బ్రతిమాలవలసినవారు మాత్రం బాగా తగ్గారు. ఆ రశీదులు వ్రాస్తున్నప్పుడు నాకు మూడవ చేప గుర్తుకు వచ్చింది. దానిని మూర్ఖురాలని నిందించే ముందు, అది దేనిని విడిచి రాలేకపోయిందో అడిగి తెలుసుకోవలసిన బాధ్యత ముందుచూపు గలవారిదే.