ముందు పళ్ల సొగసు – శ్రావక ధర్మము

నలుగురిలో నవ్వుటకు సిగ్గుపడువాని బాధ, ఆ బాధ లేనివారికి చిన్నదిగా తోచును. పళ్లున్నది నమలుటకే గదా, మెరుపెందుకని పెద్దలందురు. పిల్లల మాట వేరు. ఈ రెంటిలో న్యాయమెంతయో శ్రావకులు విచారింపదగియున్నది.

1992లో కోరాపుట్ నుండి విడివడిన రాయగడ జిల్లాలో రామనగుడ కలదు. అట్టి ఊరిలో కొట్టు నడుపుకొను ఒక జైన కుటుంబమును ఊహింపుడు. కుమార్తెకు 22 ఏండ్లు. చిన్ననాడు మెట్లమీద పడి ముందు పన్ను అంచు విరిగినది. నవ్వు వచ్చినప్పుడెల్ల ఆమె చేయి నోటికి అడ్డము పోవును. పెండ్లిచూపులు దగ్గరపడగా, "నాన్నా, విశాఖపట్నం వెళ్లి పన్ను బాగుచేయించుకుంటాను" అన్నది. తండ్రి, "ఉన్నరూపు దాచి చూపించడం మాయ కాదా అమ్మా? కల్తీ సరుకు అమ్మినట్టు కాదూ?" అనెను. "నేను సరుకును కాను గదా నాన్నా" అని ఆమె ఊరకుండెను.

దేనినైనను ఒకవైపు నుండియే చూచి తీర్పు చెప్పరాదని అనేకాంతవాదము బోధించును. దిగంబర మునుల 28 మూలగుణములలో పళ్లు తోమకుండుట ఒకటి. దేహముపై మమకారము విడుచుటకు అది మునివ్రతము; గృహస్థునకు విధింపబడలేదు. విరిగిన చేతికి కట్టు కట్టించుట మాయ కానట్లే, విరిగిన పంటికి అంచు కట్టించుటయు మాయ కాదు. అడిగినవారికి ఉన్నమాట చెప్పిన చాలును. ఇంతవరకు కుమార్తెదే న్యాయము.

అయితే తండ్రి సంకోచమునకును ఒక మూలము కలదు. శ్రావకులకు నిషిద్ధములైన 15 వ్యాపారములలో దంతవాణిజ్యము ఒకటి. ఒక ప్రాణి దేహమునుండి వచ్చు లాభము శ్రావకునకు తగదని దాని భావము. పూర్వము ఐరోపాలో కట్టుడు పళ్లను నీటిగుఱ్ఱపు దంతముతో చేసెడివారు. 1815 వాటర్లూ యుద్ధములో చనిపోయిన సైనికుల పళ్లను పెరికి అమ్మిరి. నేడు ముందు పళ్లకు వాడునవి పింగాణీ, రెజిన్ వంటివి. ఆ హింస తొలగినది. ఇక మిగిలినది తన పంటికి తాను చేసికొను హాని.

పంటిపై ఎనామిల్ పొర ఒకసారి అరగదీసినచో మరల పెరుగదు. అది వడ్డీ కాదు, అసలు. అసలు ముట్టకుండ నడుచు వ్యాపారమే నిలుచునని కొట్టులో కూర్చున్న ప్రతివారికి తెలియును. ఈ లెక్కతో మార్గములను చూడవలెను. క్లీనింగ్ వలన పైమరకలు పోవును. బ్లీచింగ్ వలన రంగు తేరును, కొన్నాళ్లు జివ్వుమనవచ్చును. వంకర పళ్లకు క్లిప్పులు ఏడాది, రెండేండ్లు పట్టినను పన్ను కోయనక్కరలేదు. విరిగిన అంచునకు కాంపోజిట్ కట్టుట కలదు. ఆమ్లము పూసిన పంటికి రెజిన్ గట్టిగా అంటునని 1955లో బ్యూనోకోర్ అను అమెరికా వైద్యుడు చూపెను. అందుచే పన్నును ఎక్కువగా కోయకయే అంచు కట్టుట సాధ్యమైనది. కాంపోజిట్ కొన్నియేండ్లకు రంగు మారును, చెదరును, మరల దిద్దింపవచ్చును.

వెనీర్ అను పింగాణీ రేకు అన్నిటికంటె అందముగా నుండును. కాని దానికై సామాన్యముగా అర మిల్లీమీటరు మేర ఎనామిల్ తీయుదురు. రేకు 10, 15 ఏండ్లు నిలుచును. 22 ఏండ్లకు వేయించినచో 60 ఏండ్లలోపల రెండు మూడుసార్లు మార్పింపవలెను. క్యాపు వేయుటకు పన్ను ఇంకను ఎక్కువ అరగదీయుదురు. పన్ను బాగుగా చెడినప్పుడే అది తగును.

అసలు చిక్కు ఇచటనే యున్నది. ఒక పంటికై పోయినవారు, పక్కవి కూడ సరితూగవలెనను మాటకు లోబడి, ఎనిమిది మంచి పళ్లు అరగదీయించుకొని వచ్చుచున్నారు. పరిగ్రహ పరిమాణ వ్రతము చెప్పునదేమి? కోరికకు హద్దు సంతలోనికి పోకముందే గీసికొనవలెను. పోయిన పిదప గీయుట కష్టము. 2024 ఫిబ్రవరిలో హైదరాబాదులో, పెండ్లి నిశ్చయమైన ఒక యువకుడు చిరునవ్వు దిద్దించుకొను చికిత్సకు పోయి ప్రాణము కోల్పోయెను. మత్తుమందు విషయమై తండ్రి ఆరోపణ చేసెను. ఇట్టివి అరుదే. అయినను సొగసుకై చేయు చికిత్సయు చికిత్సయే యని ఇంటివారు మరువరాదు.

ఆ తండ్రి చేయదగినది కుమార్తెను వారించుట కాదు, వెంట పోవుట. బయలుదేరకముందే ఇద్దరును కూర్చుండి, "విరిగిన పన్ను ఒక్కటే, బాగున్న పంటిని ముట్టనీయము" అని నిశ్చయించుకొనవలెను. ఆ పని ముగిసిన నాడు ఆమె చేయి నోటికి అడ్డము పోక నవ్వినచో, ఆ నవ్వును చూచి తండ్రి సంతోషించుటలో దోషము లేదు.